మా దొడ్లో మెరిసే మూల

పోయిన నెల మా తమ్ముడు ప్రభువు సన్నిధికి వెళ్లాడు. హైదరాబాదులో, ఆఫీసు కుర్చీలో కూర్చుని ఉండగానే గుండె ఆగిందని ఫోన్ వచ్చింది. నేనప్పుడు వాకాడులో చేపలు బేరం చేస్తున్నాను. అమ్మే ఆమె నా చేతిలో సంచి తీసి పక్కన పెట్టి, తాను కూర్చునే పీట నాకు జరిపింది.

వాడి కబురు నాకు చేపల దగ్గర అందడం ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. సెలవులకు వస్తే చేపలు వాడే కొనాలి. ముందు వేలితో నొక్కేవాడు. తర్వాత మొప్ప ఎత్తి రంగు చూసేవాడు. రెండూ అయితేగానీ సంచిలో వేయనిచ్చేవాడు కాదు.

"ఇదేనక్కా నా ఉద్యోగం," అనేవాడు.

వాడి ఉద్యోగం ఉపగ్రహాలు తీసిన బొమ్మలను కలపడం. మన మందిరంలో చాలామంది వాడిని అడిగే ఉంటారు, వాడు అందరికీ చేపతోనే చెప్పి ఉంటాడు. ఆ బొమ్మలు రెండు రకాలట. రాడార్ అనేది తడిమే చెయ్యి లాంటిదట. మబ్బు పట్టినా, చీకటి పడినా దానికి అడ్డు లేదు. నేల తడిగా ఉందా, నీళ్లు నిలిచాయా తెలుసుకుంటుంది. రెండోది హైపర్‌స్పెక్ట్రల్. పేరు పలకడం నాకు ఇప్పటికీ కష్టమే. అది వందల రంగులు విడదీసే కన్ను. మనకు ఒకటే పచ్చగా కనబడే వరిలో ఉప్పు పట్టిన చోటేదో అది చెబుతుంది. మబ్బొస్తే మాత్రం దానికి ఏమీ కనబడదు. ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోబెడితేనే నేల సంగతి పూర్తిగా తెలుస్తుంది.

అలా కూర్చోబెట్టడానికి కదలని గుర్తు ఒకటి కావాలన్నాడు. మూడు రేకులు గది మూలలాగా బిగించి, మా దొడ్లో దిమ్మె కట్టి పెట్టాడు. రాడార్ బొమ్మలో అది తెల్లటి చుక్కలా మెరుస్తుంది. రంగుల బొమ్మలో మా మిద్దె కనబడుతుంది. చుక్కనూ మిద్దెనూ జత చేస్తే ఊరంతా తన చోట తాను కూర్చుంటుంది. నాకు అప్పగించిన పని రేకులు తుడవడం, కోడిని అందులో పొదగనీయకపోవడం. మొదటిది చేశాను. రెండోది కోడి నన్ను చేయనివ్వలేదు.

నేను తెల్లవారుజామున ప్రార్థనకు మోకరిస్తే వాడు కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. "నీది కింద నుంచి పైకి పోతాది, నాది పైనుంచి కిందికొస్తాది. దోవలో తగులుకోకుండా చూసుకో," అనేవాడు. ఆ మాటకు ఆమెన్ చెప్పాలో, తల మీద మొట్టాలో తెలిసేది కాదు.

ఒక క్రిస్మస్‌కు నేను నాయుడుపేటలో చెల్లెలింట్లో ఉన్నాను. మన యౌవనస్థులు చర్చి ఆవరణలో పశువుల పాక కట్టారు. లైట్లు పడితే తళతళలాడుతుందని మా రేకుల మూలను తీసుకుపోయి పాక పక్కన పెట్టారు. నాకు తెలియదు. నాలుగు రోజులకు తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, మనిల్లు చర్చికి పోయిందా?"

"నేను పోతాను గానీ ఇల్లెందుకు పోతుంది రా?"

"పోయిండాది. రేకుల దిక్కు గూడా సరిగ్గానే పెట్టినారు మహానుభావులు."

చుక్క జరిగేసరికి దానితోపాటు ఊరు జరిగింది. బొమ్మలో రొయ్యల గుంటలు వరిచేల మీదికి వచ్చాయి. వాడికి కోపం రాలేదు. నా దగ్గర ఫోన్ పెట్టేసి మా బాబాయికి చేశాడు. "నీ చేలో రొయ్యలు బాగా పెరగతుండాయి బాబాయ్, మేత మర్చిపోవాకు," అన్నాడట. ఆయన నిజమేననుకుని టార్చి పట్టుకుని చేనికి వెళ్లి చూసి వచ్చాడు.

ఈ ఏడు గాలివానకు సముద్రపు నీళ్లు నిజంగానే చేలలోకి వచ్చాయి. నీళ్లు తీశాక ఏ చేను నాటుకు పనికొస్తుందో, దేన్ని ఈ పంటకారుకు వదిలేయాలో తమ్ముడు చెబుతానన్నాడు. బాబాయి నారు పోసి ఎదురుచూస్తున్నాడు. రంగుల బొమ్మ వచ్చింది. రాడార్ బొమ్మ రావలసి ఉండగా వాడు వెళ్లిపోయాడు.

సమాధి కార్యక్రమం అయ్యాక వాడి దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి నా పక్కకు వచ్చి నిలబడింది. ఒక సంగతి చెప్పింది. జ్ఞాపకార్థ కూడిక రోజునే ఉపగ్రహం మా ఊరి మీదుగా వెళుతుందట. ఆ రోజు మూల కదలకూడదు, దాని మీద ఏదీ కప్పకూడదు.

అప్పటికే బాబాయి వాన భయంతో కూడికకని దొడ్డి నిండా రేకుల పందిరి వేయడానికి మనుషులను పిలిపించాడు. గుంతలు తవ్వుతున్నారు. నేను ఆపమన్నాను. ఆయనకు బాధ కలిగింది.

"మనిషే పోయినాడు. ఆ రేకుముక్కకేందమ్మా అంత మర్యాద?"

"వాడి చివరి పని బాబాయ్. దాన్ని కప్పితే నీ చేలో మళ్లీ రొయ్యలు పడతాయి."

ఆయన నవ్వాడు. కండువా నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. మా ఇంట్లో వాడు పోయాక విన్న మొదటి నవ్వు అదే. పందిరి చర్చి ఆవరణకు మార్చి, గుంతలు తానే పూడ్చాడు.

కూడిక రోజు జల్లు పడుతూనే ఉంది. అయ్యగారు వాక్యం చెబుతుంటే నా మనసు దొడ్లో ఉంది. దేవుడు క్షమిస్తాడు.

మూడో రోజు ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "పెద్దమ్మా, ఇల్లు చర్చికి వెళ్లలేదు. ఉన్నచోటే ఉంది," అంది. ఆఫీసులో కొత్తగా చేరినవాళ్లందరికీ ఆ కథ వాడే చెప్పేవాడట.

రెండు బొమ్మలూ కలిశాయి. బాబాయి పై చేలల్లో నాటు వేశాడు. ఉప్పు పట్టిందని కాలువ పక్కది వదిలేశాడు.

ఆమె పంపిన బొమ్మ నా ఫోన్‌లో ఉంది. ఊరంతా బూడిద రంగు, మధ్యలో తెల్లటి చుక్క. రోజూ ప్రార్థన ముగించి దొడ్లోకి వెళతాను. కోడి లేవదు. దాన్ని మెల్లగా ఎత్తి పక్కన పెట్టి, మూడు రేకులూ తుడుస్తాను. నేను తుడిచినంతసేపూ అది అక్కడే నిలబడి, ఒక కన్ను పైకి పెట్టి ఆకాశం చూస్తుంటుంది.