గొర్రె నీడ

నా సైన్సు వ్యాసం చదవడానికి అచ్చంపేట అంతా కదిలి వచ్చిందని మనవలకు చెబుతుంటాను. నిజానికి వచ్చింది మా బాపు ఒక్కడే, అదీ నన్ను బడి మాన్పించి గొర్రెల వెంట తోలుకుపోవడానికి.

ఊరికింకా కరెంటు రాని రోజులు. మా బడి గోడపత్రికలో అప్పటిదాకా పెద్దిండ్ల పిల్లలే రాసేవారు. కొత్తగా వచ్చిన సైన్సు సారు మాలాంటివాళ్లనూ రాయమన్నారు. మిట్టమధ్యాహ్నం గొర్రెలు ఒకదాని పొట్టకింద ఒకటి తల ఎందుకు దూరుస్తాయో రాస్తానన్నాను. సారు థర్మామీటరు పట్టుకుని మందలోకి వచ్చారు. ఎండలో పైకెక్కిన పాదరసం, గొర్రె నీడలో పెట్టగానే మెల్లగా దిగింది. రోజూ చూసేదానిలో ఇంత సంగతి దాగి ఉందా అనుకుంటూ ఆ రాత్రే వ్యాసం రాశాను.

గోడమీది నా వ్యాసాన్ని సారు బాపుకు చదివి వినిపించారు. గొంగడి భుజాన వేసుకుని వింటూ బాపు కళ్లనీళ్లు పెట్టుకున్నాడని పైకి అనుకుంటూ ఇక్కడ రాయబోతుంటే, పక్కనే కూర్చున్న మా చెల్లె ఊరుకోలేదు.

"బాపు యాడ ఏడ్చిండన్నా? నేను ఆడనే ఉన్న. 'గిది మా గొర్లకు ముందే ఎరుకనే గద సారూ' అని నవ్విండు. నవ్వి, నిన్ను బడిలనే ఇడిశిపెట్టిండు. నీ జాగల మందెనక నేను పోయిన."