ఆకాశం నుంచి ఆవకాయ

పట్టపగలు, కట్టుకున్న భార్య కళ్లముందే నేను ఒక ఫ్లాటును ముంచేశాను. నీళ్లలో కాదు, నోటితో. తొంభైల్లో అశోక్ నగర్‌లో ఇల్లు అమ్మబోయి అంత ఘనంగా బోల్తాపడినవాడు ఇంకొకడు ఉంటే నాకు చూపించండి, పాదపూజ చేసుకుంటాను. మీరు మొహమాటపడకుండా నవ్వొచ్చు. మా ఆవిడ సుజాత ఇప్పటికీ ఆపలేదు.

ఆ ఫ్లాటు చిట్టచివరి అంతస్తులో ఉండేది. హాలు కప్పు బాగా ఎత్తు. ఆ ఎత్తు మధ్యలో చెక్కతో పెద్ద అటక కట్టి, ఎక్కడానికి ఇనుప మెట్లు పెట్టి, బిల్డరు దానికి 'లాఫ్టు' అని నామకరణం చేశాడు. అటక అంటే పాత బిందెలు గుర్తొస్తాయి. లాఫ్టు అంటే రేటు పెరుగుతుంది. పెళ్లయిన కొత్తలో ఆ మెట్లు చూసి మురిసిపోయి కొనేశాను. పైన నిలబడాలంటే పెళ్లిచూపుల్లో కూర్చున్న పిల్లలా తల వంచుకోవాలన్న సంగతి ఆ తర్వాత నా నడినెత్తి కనిపెట్టింది.

కొన్నాళ్లకు సుజాత కడుపుతో ఉంది. లిఫ్టు లేదు. బాగ్ లింగంపల్లిలో కింది వాటా ఒకటి చూసి బయానా ఇచ్చాం. ఇది అమ్ముడుపోతేనే అది దక్కేది. చూడటానికి వచ్చినవాళ్లందరూ ఉత్సాహంగా పైకెక్కి, తల పట్టుకుని కిందికి దిగేవాళ్లు. నారాయణగూడ నుంచి వచ్చిన ఒక పోలీసాయన నుదురు రుద్దుకుంటూ నన్ను చూసిన చూపుకు, కేసు పెడతాడేమోనని మజ్జిగ తాగించి పంపాను.

అప్పుడు నా బుర్ర వెలిగింది. అటకే కనపడకపోతే తల తగిలేదెక్కడ? మేస్త్రీని పిలిచి అటక ముందు భాగమంతా ప్లైవుడ్ కొట్టించాను. సున్నం వేయించాను. మెట్లు ఊడదీసి టెర్రస్ మీద పడేశాను.

"ఉన్నదాన్ని లేదని చెప్పుడెందుకండి?" అంది సుజాత.

"నీకు బిజినెస్ తెల్వదు."

"మీకు తెలుసా?"

ఇలాంటి ప్రశ్నలు నా స్థాయికి తగవని, బ్రోకరుకు కబురు పెట్టడానికి బయల్దేరాను.

ఆ ఆదివారమే బ్రోకర్ నర్సింగన్న ఒక పెద్దావిడను వెంటబెట్టుకొచ్చాడు. పేరు అనసూయమ్మ, ఊరు పాలమూరు. తెల్లచీర, చేతిలో గొడుగు. ఆమె హాలంతా కలియజూసి అడిగింది.

"పైన ఏమన్న ఉన్నదా తమ్మీ?"

ఆమె వెనక నుంచి నర్సింగన్న కళ్లు పైకి ఎగరేశాడు. ఏమీ చెప్పకు అంటున్నాడని నాకు అర్థమైంది.

"పైన ఏం లేదమ్మా. ఆకాశమే."

"అటక లెక్క ఏమన్న?"

నర్సింగన్న కళ్లు ఇంకా గట్టిగా ఎగరేశాడు. నేనూ ఇంకా గట్టిగా చెప్పాను.

"అసొంటి తలకాయనొప్పులు మా ఇంట్ల లేవమ్మా. ఒట్టు! కావాలంటే మా ఆమెను అడుగుండ్రి."

మా ఆమె వెంటనే వంటింట్లోకి మాయమైంది.

అనసూయమ్మ ముఖం చిన్నబోయింది. "అరె, నాకు గదే కావాలె. పరీక్షలకు చదువుకునే పోరగాండ్లకు హాస్టల్ పెడ్తున్న. కింద చదువుకుంటరు, పైన పండుకుంటరు. పండుకునేటోనికి ఎత్తుతోని ఏం పని? లాఫ్టు ఉన్నదని నర్సింగే తీస్కొచ్చిండు."

నర్సింగన్న నెత్తి కొట్టుకున్నాడు. "గందుకే గదా సార్, పైన చూపియ్యమని కండ్లతోని చెప్తున్న!"

నేను గొంతు సవరించుకున్నాను. "అంటే అమ్మా... లేదంటే, మొత్తానికే లేదని కాదు..."

సరిగ్గా అప్పుడే కప్పు నుంచి ఎర్రటి చుక్క ఒకటి జారి ఆమె భుజం మీద పడింది. ఆమె వేలితో తుడిచి వాసన చూసింది.

"ఇదేంది, ఆవకాయనా?"

రెండో చుక్క నర్సింగన్న బట్టతల మీద దిగింది.

"మీ అశోక్ నగర్ల ఆకాశం కెల్లి ఆవకాయ పడ్తదా తమ్మీ?"

వంటింట్లోంచి సుజాత కేక: "నా జాడీ పైననే పెట్టి మూసిండ్రా!"

మేస్త్రీ మేకులు కొట్టిన అదురుకు జాడీ ఒరిగిపోయినట్టుంది. నూనె ప్లైవుడ్ సందులు వెతుక్కుంటూ దిగింది. ఇక దాచేదేముంది? స్టూలెక్కి సుత్తితో ప్లైవుడ్ పీకేశాను. అటక బయటపడింది. దాంతోపాటు మిగిలిన ఆవకాయ కూడా నా నెత్తిన పడింది. కళ్లు మండుతుంటే మూసుకునే అరిచాను. "చూడుండ్రమ్మా, ఎంత పెద్దగున్నదో!"

"ఉన్నదాన్ని లేదంటివి. ఇగ నల్లాల నీళ్లొస్తయంటే నమ్మాల్నా?" అంటూ ఆమె గొడుగు తీసుకుంది.

ఎదురు ఫ్లాటు యాదగిరి ఈ వినోదమంతా గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. అతనిదీ అచ్చం ఇలాంటి ఫ్లాటే. అదీ అమ్ముడుపోకుండా మూలుగుతోంది. "అమ్మా, నా ఇంట్ల అటక ఉన్నది. తలకాయ గూడ తాకుతది. చూస్తరా?" అన్నాడు వినయంగా.

అతను చెప్పిన ధరకే, బేరం లేకుండా కొనేసింది.

హాస్టల్ తెరిచాక పోరగాళ్లు తెల్లారకముందే దేశాల రాజధానులు వల్లె వేయడం మొదలుపెట్టారు. ఆ మోతకు ఇక సంసారులెవరూ నా ఫ్లాటు చూడటానికి కూడా రాలేదు. బాగ్ లింగంపల్లి ఇంటాయన బయానా గడువు గుర్తుచేస్తున్నాడు. చివరికి నేనే అనసూయమ్మ దగ్గరికెళ్లి నిలబడ్డాను. మెస్సుకు పనికొస్తుందని తీసుకుంది. యాదగిరికి ఇచ్చినదానికంటే బాగా తక్కువకు.

"గంత తక్కువనా అమ్మా?"

"చీరె ఖరాబు చేస్తివి గదా తమ్మీ. దాని పైసలు గూడ పట్టుకున్న."

కావున సమస్త ప్రజానీకానికి ఇందుమూలంగా ప్రమాణపూర్వకంగా తెలియజేయునది ఏమనగా: ఇకమీదట నా ఇంట్లో ఫలానాది ఉందా అని ఎవరడిగినా, వాళ్లకది ఉండాలో వద్దో ముందుగా కనుక్కోకుండా ఒక్క అబద్ధం కూడా ఆడను.