నీళ్ళ గుంపులోని ఎలుక

జమ్మలమడుగులో మేడం పోయారని మొన్న ఉదయం ల్యాబులో నాతో పనిచేసినతను ఫోన్ చేశాడు. ప్రొద్దుటూరు బస్టాండు దగ్గర దండ కొనుక్కుని వెళ్ళేసరికి ఇంటి ముందు షామియానా వేసేశారు. ఎవరో పెద్దాయన మైకు లేకుండానే మైకు గొంతుతో, "చీమకు కూడా అపకారం చేయని తల్లి" అంటున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆమె చేతుల మీదుగా ఎన్ని ఎలుకలు పోయాయో నాకు తెలుసు. మేడం వినుంటే లేచి కూర్చుని మరీ తిట్టేవారు.

ఆమె నాకు పరిశోధన నేర్పిన గురువు. కుక్కల పేగుల్లో ఒక పురుగు ఉంటుంది. దాని గుడ్లు గడ్డి మీద పడితే గొర్రెలకూ, చేతులకు అంటితే మనుషులకూ కాలేయంలో నీటితిత్తులు పెరుగుతాయి. సింహాద్రిపురం వైపు మందల వెంట తిరిగేవాళ్ళలో మేడం వాటిని చూశారు. కొత్త మందు వాటి మీద పనిచేస్తుందో లేదో తేల్చడానికి ఆ జబ్బును ఎలుకలకు మేమే ఎక్కించేవాళ్ళం. వినడానికి ఇంపుగా లేదు కదా? ఉండదు. పనే అది.

పాత పద్ధతిలో తిత్తి ఎంత పెరిగిందో తెలియాలంటే వారం వారం కొన్ని ఎలుకలను చంపి, కోసి చూడాలి. మేడం స్కానింగ్ తెచ్చారు. గర్భిణులకు చేసేలాంటిదే, చిన్న జంతువులకు సరిపోయేది. మత్తిచ్చి, పొట్ట మీది బొచ్చు గీసి, జెల్ పూస్తే, బతికున్న ఎలుక లోపలి తిత్తిని తెర మీద కొలవచ్చు. అదే ఎలుకను పై వారం మళ్ళీ చూడొచ్చు. పైవాళ్ళు మాత్రం "కోయకుండా ఎట్లా నమ్మేది?" అని వెక్కిరించేవారు. రిటైరయ్యేలోపు వాళ్ళ నోళ్ళు మూయించాలన్నదే మేడం పట్టుదల.

ఆమె నోరు మాత్రం, అబ్బో! "ఏమప్పా, ఎలకను పట్టుకుంటాండావా, ఎండుమిరక్కాయను పట్టుకుంటాండావా?" అనేవారు. ఒకసారి ఎలుక మొహం చూసి నా చెయ్యి ఆగింది. "యాడ సూస్తాండావు? జాలిపడాలంటే బయటికి పోయి పడు. ఈడ కొలత చెప్పు" అని కసిరారు. అలా కసురుతూనే జెల్ సీసాను చంకలో పెట్టుకుని వెచ్చబెట్టేవారు, చల్లగా తగిలితే ఎలుక వణుకుతుందని. మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

ఎలుకలు రెండు గుంపులు. ఒకదానికి మందు, రెండోదానికి ఉత్త నీళ్ళు. నీళ్ళ గుంపంతా ఒకే బోనులో ఉండేది. మేడం ఒక్కొక్కదాన్ని తెచ్చి బల్ల మీద పెడితే, అది ఏ గుంపుదో తెలియకుండా నేను కొలవాలి. తెలిస్తే కన్ను మోసం చేస్తుందనేవారు. నీళ్ళ గుంపులో తిత్తి ఉబ్బుతుంటే మేడం తెర మీద చూస్తూ ఊరుకోవాలి. చంపకుండా చూడడమంటే, బాధపడుతుంటే చూడడం కూడా.

ఒక మధ్యాహ్నం ఎడమ చెవి తెగిన ఎలుకను కొలిచి, "తగ్గింది మేడం" అన్నాను.

"మల్లా కొలువు."

కొలిచాను. నిజంగానే తగ్గింది. మేడం స్టూలు మీద కూలబడ్డారు.

"అది నీళ్ళ గుంపుదప్పా. నేనే పోసినా మందు. కడుపుబ్బి నీళ్ళ సీసా కాడికి పోలేకపోతాంటే సూడలేకపోయినా."

గదిలో మేమిద్దరమే. "దీన్నొక్కదాన్ని లెక్కలోంచి తీసేద్దాం మేడం. ఎవరికి తెలుస్తుంది?" అన్నాను.

"బుద్ధుండాదా నీకు? ఎలకలు ఒకదాని పెంట ఒకటి తింటాయి. ఆ మందు బోనంతా పాకింటాది. ఇంగ మందు తాగినోటిని దేంతో పోల్చి సూపిస్తాం?"

ఆ సాయంత్రమే పైవాళ్ళ దగ్గరికి తానే వెళ్ళి చెప్పారు. వాళ్ళు సంతోషంగా విన్నారు. మళ్ళీ మొదలుపెట్టడానికి అనుమతి రాలేదు, ఆ పని ఎక్కడా అచ్చు కాలేదు, మేడం రిటైరై ఇంటికి పోయారు. దాచేసి ఉంటే ఏం పోయేది అని నాకు ఇప్పటికీ కోపం. ఆ కోపంతోనే మొన్న దండ వేసి, కాళ్ళకు మొక్కాను. ఉన్న కొలతను ఉన్నట్టు చెప్పడం నాకు నేర్పింది ఆమే మరి.

జబ్బెక్కించిన ఎలుకలను వదిలేయడానికి లేదు. మేడం పైవాళ్ళకు చెప్పిన మరునాడే రెండు గుంపులనూ చంపాల్సి వచ్చింది. ఒక్కదాని మీద చూపిన దయకు అన్నీ పోయాయి. మేడం మమ్మల్నెవరినీ ముట్టుకోనివ్వలేదు. గ్యాసు పెట్టె మూత తనే మూశారు, తనే తీశారు. ఆ తరువాత చెవి తెగినదాన్ని బల్ల మీద వెల్లకిలా పరిచి కోశారు. కాలేయం మీది తిత్తికి కొలబద్ద ఆనించారు.

"నిన్న నువ్వు తెర మింద ఎంత చెప్పినావు?"

చెప్పాను. ఆమె పక్కకు జరిగి నన్ను చూడమన్నారు. సరిగ్గా అంతే ఉంది.

"సూసినావా?" అన్నారు మేడం, కత్తి ఇంకా చేతిలోనే ఉంది. "కోసే పనే లేకపాయ గదప్పా."