పది మంది కోసం ఎల్లారెడ్డికి

కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు ఏడున్నరకు బయలుదేరాలి. ఆ రోజు ఏడు యాభైకి కదిలింది. ఆ ఇరవై నిమిషాల్లో రెండు ఇడ్లీలు తిని, ఒళ్లో ఉన్న నివేదికను మూడోసారి తిరగేశాను. ఈ దారిన వెళ్లేవారు ఇడ్లీ బస్టాండు బయటే తినండి, లోపల చట్నీ నీళ్లే.

మా పప్పు మిల్లులో పప్పు ఏరి సంచులకెత్తే ఆడవాళ్లంతా వరినాట్లకు వెళ్లిపోయారు. ఏటా వానాకాలంలో ఇదే తంతు. ఈసారి మా సేటు తెలివి చూపించాడు. హైదరాబాదులో ఎవరో కూలీల లెక్కలు అమ్ముతారని విని, ఒక రంగుల నివేదిక కొన్నాడు. ఏ ఊళ్లో చేతులు ఖాళీగా ఉన్నాయి, వాళ్లను ఎలా రప్పించాలి, వచ్చినవాళ్లు జారిపోకుండా ఎలా నిలుపుకోవాలి, అన్నీ అందులో ఉన్నాయి. ఎల్లారెడ్డి దగ్గర ఒక పల్లె మీద పెద్ద ఎర్రచుక్క ఉంది. ఎర్రచుక్క అంటే అక్కడి జనం పని లేక గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నారని.

"రేపు పొద్దటికి పది మంది కావాలె. పది మంది లేకుంట నువ్వు గేటు కాడికి రాకు," అన్నాడు సేటు.

పదకొండేళ్లుగా ఆ మిల్లులో సూపర్‌వైజర్‌ని. ఆ గేటు తప్ప నాకు ఇంకో గేటు తెలియదు. నవ్వుతూ సరేనన్నాను కానీ లోపల భయం వేసింది.

బస్సులో అందరూ ఆడవాళ్లే, అందరివీ ఉచితంగా ఇచ్చే జీరో టికెట్లే. డబ్బులిచ్చి టికెట్ కొన్నది నేనూ, నా పక్కన కూర్చున్న బట్టతల ఆయనా మాత్రమే. ఆయన ఒళ్లోనూ ఒక రంగుల పుస్తకం కనిపించింది. అదే అట్ట, అదే బొమ్మ.

"అన్నా, నీది గూడ గదేనా?" అన్నాడు నా పుస్తకం చూసి. "నాకు ఎల్లారెడ్డిల టిఫిన్ హోటలుంది. కామారెడ్డిల పనోళ్లు మస్తుమంది ఖాళీగున్నరని గీ పుస్తకంల రాసిన్రు. నిన్నటి సంది తిరిగిన. ఒక్కడు దొరకలే."

ఆయన పుస్తకంలో ఎర్రచుక్క సరిగ్గా మా మిల్లు ఉన్న వాడ మీదే ఉంది. ఇద్దరం కాసేపు ఒకరి పుస్తకం ఒకరం చూసుకున్నాం. తర్వాత ఆయన నా చేతుల వైపు చూశాడు.

"దోశ పొయ్యనీకె వస్తదా అన్నా నీకు?"

నాకు ఒళ్లు మండింది. ఇస్త్రీ చొక్కా, పాలిష్ చేసిన బూట్లు వేసుకున్న మనిషిని అడగాల్సిన మాటేనా అది? కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. తాడ్వాయి దాటినప్పటి నుంచి రోడ్డుకు రెండు పక్కలా మడుల్లో ఆడవాళ్లు వరుసలు కట్టి నాట్లు వేస్తున్నారు. అలా వంగిన నడుముల మధ్య నుంచి ఖాళీగా ఉన్నవాళ్లను వెతుక్కుంటూ వెళ్తున్నానన్న మాట.

తొమ్మిదీ పదికి ఎల్లారెడ్డిలో దిగాను. ఒక చాయ్ తాగి ఆటో మాట్లాడుకున్నాను. ఎర్రచుక్క ఊరి పేరు చెప్పగానే ఆటో అతను వెనక్కి తిరిగి చూశాడు.

"ఊర్ల ఎవ్వలుండరు సార్. అందరు నాట్లకు పోయిన్రు."

"నివేదికలో అందరూ ఖాళీగా ఉన్నారని ఉంది."

"గట్లనా? మరి మీ పుస్తకానికే తెలుసు," అని ఆటో కదిలించాడు.

ఊళ్లో ఇళ్లన్నిటికీ తాళాలే. ఒక కుక్క మాత్రం ఖాళీగా ఉంది. తొమ్మిది ముప్పావుకు ఆటో అతనే నన్ను ఊరవతల పొలం గట్టు మీద దింపి వెళ్లాడు. మడిలో పదకొండు మంది ఆడవాళ్లు. ముందున్న ముసలామె పేరు బాలవ్వ. ఎవరు ఏ వరుసలో నిలబడాలో ఆమే చెబుతోంది. నేను గట్టు మీద నిలబడి గొంతు సవరించుకుని, ఈ ఊళ్లో పని లేనివాళ్లు ఎక్కువ ఉన్నారని తెలిసి వచ్చానన్నాను.

పదకొండు మందీ నడుములెత్తి నన్ను చూసి, ఒక్కసారిగా నవ్వారు.

"ఎవ్వలు చెప్పిన్రు సారు?" అంది బాలవ్వ.

"మీకు ఫోన్ చేసి అడిగామని ఈ పుస్తకంలో రాశారు అవ్వా."

"ఆఁ, ఒక పోరి ఫోన్ జేసింది. కూలి పని ఉందా అని అడిగింది. లేదన్న. మేం కూలికి యాడ పోతం? బదలు పోతం. ఇయ్యాల యాదమ్మ మడి, ఎల్లుండి నాది. ఆమె నాకు జేస్తది, నేను ఆమెకు జేస్త. పైసలెక్కడియి నడుమ?"

నివేదిక మర్మం అప్పుడు అర్థమైంది. ఫోన్‌లో పిల్ల కూలి గురించి అడిగింది, వీళ్లు ఉన్నదే చెప్పారు. తెల్లారి నుంచి చీకటి పడేదాకా నడుము వంచే ఊరు ఊరంతా లెక్కల్లో సోమరిపోతుల ఊరైపోయింది.

అయినా నా గేటు నాకు ముఖ్యం. నిలుపుకునే మార్గాల అధ్యాయం తెరిచి చదివాను. రోజూ కూలి, బస్సు దాకా ఆటో, రెండు పూటలా చాయ్, కూర్చోవడానికి కుర్చీ, పుట్టినరోజుకు కేకు. కేకు సంగతి నేను ఉన్నదున్నట్టు చెప్పలేదు. మొన్న జనవరిలో సేటు ఆధార్ కార్డులు తీయించి చూస్తే, మిల్లులో అందరూ జనవరి ఒకటినే పుట్టినట్టు తేలింది. ఒక్క కేకు తెచ్చి పద్నాలుగు మంది పేర్లు రాయించాడు. పేర్లతోనే కేకు నిండిపోయి, కోసే చోటు దొరకలేదు.

"గవన్ని వద్దు సారు," అంది బాలవ్వ. "మా తాన రేటు లేదు. నువ్వు మడిల దిగు. ఎన్ని దినాలు చేస్తే అన్ని దినాలు మేం నీకు చేస్తం. ఒక్కలకు ఒక్క దినం."

పది మంది కావాలంటే పది దినాలు. గట్టు మీది నుంచే సేటుకు ఫోన్ చేశాను.

"బదలా? అది ఏ పేజీల ఉన్నది?" అన్నాడు సేటు.

"ఏ పేజీలోనూ లేదండీ."

"లేకుంటే ఎట్లయితది? పది మందిని తీస్కరా!" అని పెట్టేశాడు.

పదిన్నరకు బూట్లు గట్టు మీద పెట్టి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి మడిలో దిగాను. ఒక మనిషినైనా తీసుకెళ్దామన్నదే ఆశ. నేను వేసిన వరుస పామెళ్లినట్టు వెళ్లింది. సగం నారు నీళ్ల మీద తేలింది. బాలవ్వ నా వెనకే వస్తూ, నేను నాటిందంతా మళ్లీ నాటింది. ఒంటిగంటకు వాళ్ల సద్దిలోంచే నాకూ జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టారు. అంత రుచైన తిండి నేను ఈ మధ్య తినలేదు.

"ఎండకో వానకో ఒక రోజు మానేయాలనిపించదా?" అని యాదమ్మను అడిగాను.

"మానేస్తే ఎల్లుండి బాలవ్వ మడికి ఏ మొహంతోని పోవాలె?" అంది రొట్టె నములుతూ.

నాలుగున్నరకు లెక్క తేలింది. నేను నాటిన దానిలోంచి బాలవ్వ మళ్లీ నాటింది తీసేస్తే నాకు సగం దినం మిగిలింది. నడుము పనిచేయడం మానేసింది. ఏడుపొక్కటే తక్కువ.

అయిదున్నరకు ఎల్లారెడ్డిలో కామారెడ్డి బస్సెక్కాను. బస్టాండు ఎదుట హోటల్లో పొద్దుటి బట్టతలాయన తనే దోశలు పోస్తూ, తనే ప్లేట్లు కడుగుతూ నాకు చెయ్యి ఊపాడు. నా పక్క సీట్లో చిన్న సంచితో బాలవ్వ. రాత్రికి కామారెడ్డిలో బిడ్డ ఇంట్లో పడుకుని, పొద్దున్నే మా మిల్లులో సగం దినం పప్పు ఏరి, మధ్యాహ్నం బస్సుకు వెనక్కి వెళ్తుందట. బదలు బాకీ ఉంచుకోకూడదట.

లింగంపేట దాటాక సేటు ఫోన్ చేశాడు.

"ఎంతమంది?"

"సగం మనిషి అండీ," అన్నాను.

ఆ తర్వాత ఆయన అన్నవి ఇక్కడ రాయను. ఆఖరికి, రేపటి నుంచి రావద్దన్నాడు. పదకొండేళ్లు ఒక్క ముక్కలో పోయాయి. విషయం బాలవ్వకు చెప్పాను.

"అయితే నీ సగం దినం నా మీదనే ఉంటది బిడ్డా. నీ ఇంటికి సున్నం ఏస్కుంటే పిలువు, వస్త."

పది నిమిషాలకు మళ్లీ ఫోన్ మోగింది. సేటుకు మనసు మారిందనుకుని ఆత్రంగా ఎత్తాను. ఎవరో అమ్మాయి, తియ్యని గొంతు.

"సర్, మీకు ప్రస్తుతం కూలి పని ఉందా?"

మడమల మీద ఎండిపోయిన బురద చూసుకున్నాను.

"లేదమ్మా," అన్నాను.

"ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారు సర్?"

"ఎల్లారెడ్డి దారి."

"నమోదు చేశాం సర్. ధన్యవాదాలు." వచ్చే నివేదికలో ఈ రోడ్డు మీద ఎక్కడో నా ఎర్రచుక్క కనిపిస్తుంది.

"ఎవ్వలు బిడ్డా?" అంది బాలవ్వ.

"పని ఉందా అని అడిగారు అవ్వా. లేదన్నాను."

"గట్లెట్లంటివి? ఎల్లుండి నా మడి నాటు ఉండె గద!" అంది నిజంగానే కోపంతో. "ఏడున్నర బస్సుకు రా. గీ ప్యాంటు గాదు, లుంగి తెచ్చుకో."

బస్సు కామారెడ్డి చేరేసరికి ఏడైంది. ఆ రోజు ఆ దారిలో మనుషుల కోసం వెతికినవాళ్లం ముగ్గురం, పుస్తకాలు రెండు. పుస్తకం లేని బాలవ్వకే ఒక మనిషి దొరికాడు. ఎల్లుండికి లుంగీ కొనుక్కుని ఇంటికి వెళ్లాను.