కాజాలా, కబుర్లా

ఆ వీధిలో కోట్లు కుట్టే ఆవిడను అందరూ వసపిట్ట అనేవారు. భుజం కొలత తీసుకునేలోపే వచ్చినవాళ్ల ఇంటి సంగతులన్నీ రాబట్టేది, తన ఇంటివీ చెప్పేసేది. భర్త పక్కబల్ల దగ్గర ఇస్త్రీ చేసేవాడు. నలభై ఏళ్లలో ఆయన గొంతు విన్నవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

యాభై ఎనిమిదో ఏట ఆవిడ కుడిచెయ్యి వణకసాగింది. పార్కిన్సన్స్ అన్నారు. ఆరేళ్లు మాత్రలతో నెట్టుకొచ్చింది. ఆ తర్వాత మాత్ర పనిచేసిన కాసేపే కుట్టుపని; మిగతా వేళల్లో సూదిలోకి దారం ఎక్కేది కాదు. చివరికి ఆపరేషన్ చేసి మెదడులోకి రెండు సన్నని తీగలు, ఛాతీ చర్మం కింద చిన్న బ్యాటరీ పెట్టారు. కరెంటు సరిచేశాక చెయ్యి కుదురుకుంది. ఇంటికి వస్తూనే ఒక కోటుకు గుండీలు పట్టే కాజాలు పన్నెండు కుట్టింది. ఒక్కటీ వంకరపోలేదు.

మాటే వెనకబడింది. "ఆ... అదిలా ఇవ్వండి" అంటూ కత్తెర వైపు చూపించేది. ఆసుపత్రిలో సైకాలజిస్టు ఒక నిమిషంలో 'క'తో మొదలయ్యే మాటలు చెప్పమంది. ఆపరేషన్‌కు ముందు పద్దెనిమిది చెప్పిన మనిషి ఈసారి ఏడు దగ్గర ఆగిపోయింది.

"నా బుర్ర పోతోందామ్మా?"

"లేదండీ. జ్ఞాపకం, తెలివి బాగానే ఉన్నాయి. ఈ ఆపరేషన్ తర్వాత కొందరికి మాట దొరకడం ఆలస్యమవుతుంది."

డాక్టరు కొన్ని వారాలు కరెంటు తగ్గించి చూశాడు. మాటలు ఏడు నుంచి పదకొండయ్యాయి. కానీ వణుకు తిరిగొచ్చి, ఒక్క కాజాను మూడుసార్లు విప్పి కుట్టాల్సి వచ్చింది.

"ఏది కావాలో మీరే చెప్పండి" అన్నాడు డాక్టరు.

"చేతులే ఉంచండి. మాటలంటారా... ఈయన దగ్గర బోలెడున్నాయి. నలభై ఏళ్లుగా... వాడనేలేదు."

భర్త నవ్వలేదు, ఆలోచనలో పడ్డాడు. మర్నాడు దుకాణానికి వచ్చిన బస్సు డ్రైవరును ఆయనే పలకరించాడు.

"మీ అమ్మాయి పరీక్ష ఎలా రాసింది?"

మాట్లాడింది ఎవరా అని డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు.

అలవాటు లేని పని కదా, ఒకరి సంగతి ఇంకొకరికి అంటగట్టేవాడు. పెళ్లే కాని పోస్టుమాస్టరును మనవడెలా ఉన్నాడని అడిగాడు. ఆవిడ కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది.

"మనవడు ఈయనకు కాదండీ. ఆ... పళ్ల..."

"పళ్ల డాక్టరుకా?" అందించాడు భర్త.

"ఆఁ, ఆయనకే."

ఎదుటివాళ్లు ఓపిగ్గా ఆగి, కాస్త అందిస్తే తనకూ మాట దొరుకుతుందని ఆవిడకు తెలిసొచ్చింది. ఇప్పుడు ఇద్దరూ మాట్లాడతారు. కొలతలివ్వడానికి గంట పడుతోందని బస్సు డ్రైవరు సణుగుతాడు. అయినా గుండీ ఊడిందన్న వంకతో వారానికోసారి వస్తూనే ఉన్నాడు.