ఏనుగుకు ఐదు, మేకకు ఒకటిన్నర

కాదు, నేను ఒప్పుకోను. ఆ మార్కులు తప్పు కాదు. ఏనుగుకు ఐదుకు ఐదు వేశాను, మేకకు ఒకటిన్నర వేశాను. ఇవాళ మళ్ళీ వెయ్యమన్నా అవే వేస్తాను. మైదుకూరు నుంచి మా అత్త ఎప్పుడు ఫోన్ చేసినా, బాగున్నావా అని కూడా అడక్కుండా "మేకకు ఎన్ని మార్కులు అమ్మీ?" అంటుంది. వెనక మామ నవ్వు వినబడుతుంది. నేను కట్ చేస్తాను. మళ్ళీ చేసి మళ్ళీ అదే అడుగుతుంది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. చదివి మీరే చెప్పండి.

ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలయ్యాక నన్ను హైదరాబాద్ నుంచి మైదుకూరుకు, మా మేనమామ ఇంటికి పంపారు. కారణం నా ఫోన్. ఇక్కడుంటే నెలంతా మెసేజీలు కొట్టుకుంటూ కూర్చుంటుంది, అక్కడైతే సిగ్నల్ ఉండదని మా అమ్మ ప్లాను. అమ్మ ప్లాన్లు ఊరికే పోవు. ఆ ఇంట్లో సిగ్నల్ మేడమెట్ల మీద మాత్రమే దొరికేది, అదీ ఏడో మెట్టు దగ్గర, ఎడం చెయ్యి పైకెత్తితే.

మామకు కర్నూలు రోడ్డులో బోరు మోటార్లు, పైపులు అమ్మే షాపు. మే నెలలో మధ్యాహ్నం షాపు మూసి ఇంటికొచ్చి, అన్నం తిని, హాల్లో కూలర్ ముందు చాప మీద పడుకుంటాడు. కూలర్ అంటే మీరేదో ఊహించుకోకండి. ఒక రేకు డబ్బా, మూడు పక్కలా గడ్డి, లోపల ఒక ఫ్యాను, పాత లారీ స్టార్ట్ చేసినంత శబ్దం. దాని గాలి సరిగ్గా ఒక్క చాప వెడల్పు వస్తుంది. ఆ చాప దాటి జానెడు పక్కకు జరిగితే మళ్ళీ కడప జిల్లానే.

మొదటి రోజు చుట్టం కదా అని ఆ చాప నాకిచ్చారు. రెండో రోజు మామ ముందే వచ్చి పడుకున్నాడు. మూడో రోజు నేను అన్నం తినకుండానే వెళ్ళి పడుకున్నాను. నాలుగో రోజు ఇద్దరం చెరో కొస పట్టుకొని లాగితే చాప చిరిగింది. అత్త వంటింటి గుమ్మం దగ్గర, తడి తువ్వాలు మెడకు చుట్టుకొని, విసనకర్రతో విసురుకుంటూ చూస్తోంది. ఆవిడ చోటు ఎప్పుడూ అదే.

"ఇద్దరూ చాపను చించినారు, బాగుండాది," అంది. "ఆ కూలర్ కొన్నప్పటినుంచి దాని గాలి నా కాళ్ళకు కూడా తగల్లేదు. దాంట్లో నీళ్ళు పోసేది మాత్రం నేను."

అప్పుడు నా బ్యాగులో ఉన్న ప్యాకెట్లు గుర్తొచ్చాయి. కార్డుల ఆట ఒకటుంది, మంత్రాలూ మృగాలూ ఉండేది. మా కాలేజీలో పిచ్చి పట్టినట్టు ఆడేవాళ్ళం. కోఠిలో ఒక కొట్లో తొమ్మిది ప్యాకెట్లు కొన్నాను, తొమ్మిదీ పచ్చ రంగువే. ఎర్రవి నిప్పు, నీలివి సముద్రం, పచ్చవి అడవి. ఎర్రవీ నీలివీ ఎగబడి కొనేస్తారు. పచ్చవి మిగిలిపోతాయి కాబట్టి కొట్టువాడు తగ్గించి ఇచ్చాడు. నేను ఒక్కో పచ్చ కార్డుకు ఐదుకు ఇన్నని మార్కులు వేసి ఫోన్లో సేవ్ చేసుకున్నాను. ఎవరిదీ కాపీ కొట్టలేదు. బొమ్మ చూసి, బలం చూసి, నా బుర్రతో నేను వేసిన మార్కులు.

"ఆడదాం మామా. గెలిచినవాళ్ళకు చాప. నేను బస్సెక్కేదాకా ఇంక మాట్లాడొద్దు."

"ఓడినోళ్ళకు?" అన్నాడు మామ.

"ఓడినోళ్ళు కూలర్లో నీళ్ళు పోయల్ల," అంది అత్త గుమ్మం దగ్గర్నుంచి. "నేనూ ఆడతా."

మామ నవ్వాడు. "నీకేం తెలుసే ఈ ఆట?"

"నీకేం తెలుసయ్యా?"

అదీ నిజమే.

ఆట చెప్పాను. ఒక్కొక్కరికి ఇరవై ప్రాణాలు. ప్రతి వంతుకూ మన కట్టలోంచి ఒక కార్డు తీసుకోవాలి, చేతిలో నేల కార్డు ఉంటే ఒకటి కింద పెట్టుకోవచ్చు. ఒక్కో నేల వంతుకు ఒక శక్తి ఇస్తుంది. ఆ శక్తి ఖర్చు పెట్టి మృగాలను దింపాలి.

"శక్తి ఏంది," అన్నాడు మామ. "నేల్లోంచి వచ్చేది నీళ్ళే కదా. నీళ్ళను."

సరే, నీళ్ళు. కార్డులు పంచుకునే పద్ధతి కూడా చెప్పాను. ముగ్గురం తలా ఒక ప్యాకెట్ విప్పి, నచ్చిన ఒక్క కార్డు ఉంచుకొని మిగతావి పక్కవాళ్ళకివ్వాలి. మనకొచ్చిన వాటిలోంచి మళ్ళీ ఒకటి. అలా అయిపోయేదాకా, తలా మూడు ప్యాకెట్లు. ఈ ఆటలో సగం గెలుపు ఇక్కడే ఉంటుంది. ఏది ఉంచుకోవాలి, ఏది వదిలెయ్యాలి అన్నదే తెలివి. ఆ తెలివి నా ఫోన్లో ఉంది.

తొమ్మిది ప్యాకెట్లు నేల మీద వరసగా పెట్టాను. మామ లేచి దేవుడి గదిలోకి వెళ్ళి ఒక టెంకాయ తెచ్చాడు.

నాకు ముందు అర్థం కాలేదు. ఆ వైపు ఊళ్ళలో బోరు వేసే ముందు నీళ్ళు చూసే మనిషిని పిలుస్తారు. ఆయన అరచేతిలో టెంకాయను పడుకోబెట్టి చేనంతా తిరుగుతాడు. టెంకాయ ఎక్కడ దానంతటది లేచి నిలబడితే అక్కడ నీళ్ళున్నట్టు. మామ షాపులో మోటార్లన్నీ అలా నిలబడ్డ టెంకాయల మీదే అమ్ముడుపోతాయి. ఇప్పుడాయన అరచెయ్యి చాపి, దాని మీద టెంకాయ పెట్టి, నా ప్యాకెట్ల మీదుగా వంగి నడుస్తున్నాడు.

"మామా, అవి కార్డులు."

"మాట్లాడొద్దు అమ్మీ. కదిలిపోతాది."

"ఆ టెంకాయ రాత్రి చట్నీకి కావల్ల," అంది అత్త. "కింద పడేసినావంటే చూడు."

నాలుగో ప్యాకెట్ దగ్గర టెంకాయ నిలబడింది. నేను చూశాను, ఆయన బొటనవేలు కదిలింది. అత్త కూడా చూసింది. "నువ్వే లేపినావ్," అంది. మామ వినలేదు. ఆ ప్యాకెట్, దాని రెండు పక్కలవీ తీసుకున్నాడు. మొదటిది విప్పితే ఏముంది, మూడు 'ఊట' కార్డులు. ఊట అంటే ఏ పనీ చెయ్యని కార్డు. పోట్లాడదు, అడ్డుపడదు. కింద పడి ఉండి వంతుకు ఒక నీళ్ళు ఎక్కువిస్తుంది, అంతే. నేను దానికి అర మార్కు వేశాను, అదీ బొమ్మ బాగుందని.

"నీళ్ళు పడినాయి," అన్నాడు మామ. మొహం చూడాలి, నిజంగా బోరు పడినట్టే ఉంది.

నా ప్యాకెట్లో మొదటి కార్డే ఏనుగు. ఏడు బలం, ఖర్చు ఏడు నీళ్ళు. ఫోన్ చూడక్కర్లేదు గానీ చూశాను. ఐదుకు ఐదు. తీసుకున్నాను.

"ఆ ఫోన్నడిగి అన్నం కూడా తింటావా అమ్మీ?" అంది అత్త.

ఆవిడ పద్ధతి వేరు. కార్డు మీద ఇంగ్లీషు చదవదు. ప్రతి కార్డూ నాకు చూపించి ఒకటే ప్రశ్న, "దీనికి ఎన్ని నీళ్ళు?" ఆరు అంటే పెట్టేస్తుంది, ఏడు అంటే మొహం తిప్పుకుంటుంది. రెండు అంటే తీసుకుంటుంది. కొమ్ముల జంతువు ఒకటుంది, రెండే నీళ్ళు, రెండు బలం. అది ఎదురైనప్పుడల్లా తీసుకుంది.

"మేక బాగుండాది," అంది.

"అది మేక కాదత్తా. అడవిని కాపలా కాసే జంతువు, దాని పేరు వేరే."

"కొమ్ములుండాయి, గడ్డం ఉండాది. మేక కాకపోతే ఏంది?"

"దానికి ఒకటిన్నర మార్కు. వేస్ట్."

"అయితే నువ్వు తీసుకోవుగా. సంతోషం."

మామ మాత్రం ప్రతి కార్డు ఖర్చునూ అడుగుల్లో చెప్పేవాడు. "ఏనుగు ఏడు వందల అడుగులు. ఎవురు బోరు వేస్తారు అంత లోతు?" అని నావైపు నెట్టేవాడు. నేను లోపల గంతులేశాను. చివరికి నా దగ్గర నాలుగు ఏనుగులు, అత్త దగ్గర ఆరు మేకలు, మామ దగ్గర ఏడు ఊటలు, ఒక కొండచిలువ. నేను పరుగెత్తి ఏడో మెట్టెక్కి, చెయ్యెత్తి, హైదరాబాద్‌లో నా ఫ్రెండ్‌కు మెసేజ్ పెట్టాను: 'నాలుగు ఏనుగులు. అయిపోయారు వీళ్ళు.'

మొదటి ఆట నాకూ మామకూ, అందులో గెలిచినవాళ్ళు అత్తతో ఆడాలి. ఐదో వంతుకే మామకు ఎనిమిది నీళ్ళున్నాయి. చేతిలో కొండచిలువ ఉందని నాకు తెలుసు, ఎందుకంటే కార్డులు పట్టుకోవడం రాక నాకే చూపిస్తున్నాడు. దానికి ఆరు నీళ్ళు చాలు. దింపడే.

"మామా, దింపచ్చు. నీళ్ళున్నాయి."

"ఉండాయి. ఉండనీ."

"వాడకపోతే పోతాయి మామా, మళ్ళీ వంతుకు మళ్ళీ నిండుతాయి."

"నిండుతాయని ఎవురు చెప్పినారు?"

"రూల్ బుక్కులో ఉంది."

"బోరు వేసేటోడూ అట్లనే చెప్తాడు," అన్నాడు మామ. ఇంక ఎంత మొత్తుకున్నా దింపలేదు. "ఇప్పుడే అంతా వాడేస్తే రేప్పొద్దున ఏదన్నా అవసరం పడితే?" అన్నాడు. రేప్పొద్దున ఏమిటి, ఆట ఇంకో పది నిమిషాలు. నేను తాపీగా ఏడు నేలలు పరుచుకొని ఏనుగును దింపి, మూడు దెబ్బల్లో ఆయన్ను చంపాను. పోయేటప్పుడు కూడా పదకొండు నీళ్ళు మిగిల్చుకొని, కొండచిలువను చేతిలో పెట్టుకొని పోయాడు.

చూశారా, ఏనుగు గెలిచింది. అది గుర్తుపెట్టుకోండి.

రెండో ఆట నాకూ అత్తకూ. అత్త తువ్వాలు తీసి పక్కన పెట్టి, కొంగు బిగించి కూర్చుంది. రెండో వంతుకు ఒక మేక. మూడో వంతుకు ఇంకో మేక. నేను నేలలు పరుస్తున్నాను. మేకలు వచ్చి రెండేసి ప్రాణాలు కొరుక్కుపోతున్నాయి.

"మేపుకుంటాండా అమ్మీ, ఏమీ అనుకోవద్దు," అంది.

నాలుగో నేల పడ్డాక నాకు నేలలు రావడం ఆగిపోయింది. చేతిలో మూడు ఏనుగులు, నాలుగు నీళ్ళు. ఏం చెయ్యాలి? మామ నా వెనక చేరి కార్డులు చూసి, "ఏడు వందల అడుగులని చెప్పలే?" అన్నాడు. పక్కకు పొమ్మన్నాను. పక్కకు అంటే కూలర్ గాలిలోకి పోయాడు. అది చూసి ఇంకా ఒళ్ళు మండింది.

ఏడు నీళ్ళు సమకూరి మొదటి ఏనుగును దింపేసరికి నావి ఎనిమిది ప్రాణాలు, అత్తవి ఐదు మేకలు. అది దిగగానే "ఇప్పుడు రా అత్తా," అన్నాను. అత్త నిజంగానే వచ్చింది. ఏనుగు ఎంత పెద్దదైనా ఒక వంతులో ఒక్క మేకకే అడ్డుపడగలదు. ఒక మేక చచ్చింది. మిగతా నాలుగూ దాని పొట్ట కింద నుంచి వచ్చి, తలా రెండు ప్రాణాలు తినేసి పోయాయి. నాలుగు రెళ్ళు ఎనిమిది. చేతిలో ఇంకా రెండు ఏనుగులు.

కార్డులు విసిరికొట్టాను. ఒకటి కూలర్ గడ్డిలో ఇరుక్కుంది. ఇప్పటికీ అక్కడే ఉందట.

అత్త చిరిగిన చాప సరిగ్గా పరుచుకుంది, చెయ్యి తలకింద పెట్టుకుంది, కళ్ళు మూసుకుంది. మామ చెప్పులేసుకొని, ఎవరో రైతు వస్తానన్నాడంటూ ఆ ఎండలో షాపుకు పోయాడు. నీళ్ళు పోసే పని నా ఒక్కదాని మీద పడింది. పెరట్లో తొట్టి, మెట్ల పక్క నుంచి దారి. మూడో బిందె మోస్తుంటే నా ఫ్రెండ్ ఏమందో చూడాలనిపించింది. బిందె దించి ఏడో మెట్టెక్కి చెయ్యెత్తితే జవాబు వచ్చింది. 'నాలుగు ఏనుగులెందుకే మొద్దూ? చిన్నవి ఎన్ని తీసుకున్నావ్?' అది వెంటనే డిలీట్ చేశాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

నాలుగో బిందె పోస్తుండగా కరెంటు పోయింది. కూలర్ లారీ ఆగిపోయింది. నాకు నవ్వాగలేదు. "అత్తా, గాలి లేదు కదా, ఇంక లే," అన్నాను.

"గాలి లేకపోతే ఏం," అంది కళ్ళు తెరవకుండా. "చోటు నాదేగా." ఆ తర్వాత నేను ఆ ఇంట్లో ఉన్న పది రోజులూ ఆ చాప మీదే పడుకుంది. కరెంటు ఉన్నా, లేకపోయినా. నేను గుమ్మం దగ్గర, తడి తువ్వాలు మెడకు చుట్టుకొని, ఫోన్లో మార్కులు మళ్ళీ మళ్ళీ చూసుకుంటూ కూర్చున్నాను. ఒక్కటీ మార్చలేదు. ఎందుకు మార్చాలి? నేలలు రాకపోవడం నా తప్పా? మామ మీద ఏనుగు గెలవలేదా?

మీరే చెప్పండి. ప్యాకెట్ విప్పగానే ఒక పక్క ఏడు బలం ఉన్న ఏనుగు, ఇంకో పక్క గడ్డం ఉన్న మేక కనబడితే, ఏనుగును పక్కవాళ్ళకిచ్చి మేకను ఉంచుకుంటామని గుండె మీద చెయ్యి వేసుకొని చెప్పగలిగినవాళ్ళు మీలో ఎవరైనా ఉన్నారా?