కార్డు మీద హోదా

ఉస్మాన్‌గంజ్‌లో మా మిర్చి గోదాం మేస్త్రీని సూపర్వైజర్‌ని చేసింది నేనే. జీతం పెంచే అధికారం నాకెక్కడిది, ఆఫీసు కాగితాలు చూసుకునే గుమాస్తాను. కొత్త గుర్తింపు కార్డులు అచ్చు వేయించేటప్పుడు, ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న మనిషికి కాస్త గౌరవంగా ఉంటుందని ఆ మాట రాయించాను. అంతే. ఆయన ఆదివారం కూడా ఆ కార్డు మెడలో వేసుకుని ఛత్రినాక బజారుకు వెళ్లేవాడని వాళ్లావిడ చెప్పి నవ్వింది.

పోయిన వానాకాలం ఒక మధ్యాహ్నం పక్క దుకాణం వాళ్ల బస్తాలు రోడ్డు మీద తడుస్తుంటే, ఆయన మా గోదాం తలుపు తీసి వాటిని లోపల పెట్టించాడు. సేటుకు చెప్పలేదు. ఆ దుకాణం వాళ్లంటే మా సేటుకు పడదు. మూడో రోజు ఎవరో ఆ సంగతి సేటు చెవిన వేశారు.

"తాళంచెవి నా మాల్ కోసం ఇచ్చిన. వాని మీద భరోసా పోయింది. తీసెయ్," అన్నాడు సేటు నాతో.

గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తుతున్నాడనిపించింది. అయినా విచారణకు రమ్మని ఆయనకు నోటీసు నేనే టైపు చేశాను. కాగితాలు పట్టుకుని నయాపూల్ దగ్గరున్న వకీలు ఆఫీసుకూ నేనే వెళ్లాను.

వకీలు అన్నీ చదివి ఒకటే అడిగాడు. "గీయన మూటలు మోస్తడా, మోపిస్తడా?"

"రెండూనండీ. హమాలీలు తక్కువైన రోజు ఆయనే భుజాన వేసుకుంటాడు."

"గట్లయితే నేను గూడ కార్మికుడినే అని లేబర్ కోర్టుకు పోతడు. మనకు మస్తు లొల్లి. ఉత్త సూపర్వైజర్ అయితే కార్మికుల చట్టం ఆయనకు వర్తించది. విచారణల ఆయన నోటితోనే చెప్పనియ్యమ్మా. నువ్వు రాసుకో, సంతకం తీస్కో."

అప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు. ఇంట్లో కూర మాడ్చాను, పిల్లల్ని ఊరికే కసురుకున్నాను. ఆయనకు ఒక్క మాట చెబితే చాలు. అన్నా, మూటలు కూడా మోస్తానని చెప్పు, అని. చెప్పానని సేటుకు తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది. పొద్దున చెబుదామనుకుంటాను, సాయంత్రానికి వాయిదా వేస్తాను. నాలుగు రోజులు అలాగే గడిచాయి.

విచారణకు ముందురోజు గోదాం మెట్ల మీద ఆయనే ఎదురొచ్చాడు. "ఏంది చెల్లె, ముఖం గట్ల పెట్టినవ్? ఫికర్ చెయ్యకు. సేటు కోపం రెండు దినాలు. రేపు నేను మంచిగ మాట్లాడ్త."

నన్ను ఓదారుస్తున్నాడు. కక్కలేక మింగలేక తల ఊపి ముందుకు నడిచాను. నా మీద నాకే ఒళ్లు మండిపోయింది.

మర్నాడు ఆయన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని, కార్డు బయటికి కనిపించేలా సర్దుకుని కూర్చున్నాడు. వకీలు అడుగుతుంటే నేను రాస్తున్నాను.

"మీ పని ఏంది?"

"సూపర్వైజర్ని సార్."

"మూటలు గిట్ల మోస్తరా?"

ఆయన నా వైపు చూశాడు. ఆ హోదా రాయించింది నేను కదా, నా మాట నిలబెడుతున్నానని అనుకుని ఉంటాడు. నేను పెన్ను ఆపాను. ఇప్పుడైనా నోరు విప్పొచ్చు. దగ్గినా చాలు, ఆగేవాడేమో.

"లేదు సార్. మోపిస్త. నేను మొయ్య."

రాశాను. వారం తిరక్కుండా ఆయన్ని తీసేసింది, కార్మికుడు కాదని ఆ ఒక్క వాక్యం చూపించే.

ఆ రోజు రాయడం అయ్యాక కాగితం ఆయన ముందుకు జరిపి, ఒకసారి చదువుకోమన్నాను. నేను రాసింది కదా, చదవకుండానే సంతకం పెట్టాడు.